పారావింగ్ సంచి తప్పు మాదే, మీ చేతులది కాదు

మా దగ్గర పారావింగ్ కొన్నవాళ్లకీ, నడుముకి కట్టుకునే సంచి ఒక్కటే కొన్నవాళ్లకీ నమస్కారం. (పారావింగ్ అంటే నీళ్ల మీద బోర్డుని గాలితో లాగే గుడ్డ. దాని దారాలే లైన్లు, వాటిని పట్టుకునే చేతికర్ర బార్. పని లేనప్పుడు అదంతా ఈ సంచిలో పెట్టుకుంటాం.)

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మొదటి విడత సంచులు, అంటే మూతి దగ్గర వెల్‌క్రో పట్టీ ఉన్నవి, ఇక వాడకండి. వెనక్కి పంపితే కొత్త సంచి ఇస్తాం. సంచి వద్దు, డబ్బులే కావాలంటే డబ్బులే ఇస్తాం. పంపే ఖర్చు మాదే. బిల్లు పోయినా పర్లేదు, కుట్టింది మేమే కాబట్టి చూడగానే గుర్తుపడతాం. ఆ సంచి వల్ల గుడ్డ చిరిగినవాళ్లు గుడ్డ కూడా పంపండి, బాగుచేసి ఇస్తాం.

పోయిన సీజన్‌లో మీలో ఏడెనిమిది మంది నాకు ఒకటే మాట చెప్పారు: సంచిలోంచి తీసేటప్పుడు లైన్లు చిక్కుపడుతున్నాయని. అందరికీ నేను ఒకటే జవాబిచ్చాను. "మీరు మడవడంలో తేడా ఉంది, ఇంకొంచెం ప్రాక్టీస్ చేయండి." ఒకాయనకైతే వీడియో కూడా తీసి పంపాను. ఒడ్డున నిలబడి, పొడి చేతులతో, పొడి గుడ్డని చక్కగా లోపల పెట్టి చక్కగా బయటికి తీశాను. ఇప్పుడా వీడియో గుర్తొస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

రెండు నెలల క్రితం నా వంతు వచ్చింది. గాలి 20 నాట్ల దాకా ఉంది, అంటే గంటకి 37 కిలోమీటర్లు. గాలివాటుగా మంచి అలలు. మొదటి రెండు సార్లు సంచిలో పెట్టడం, తీయడం సాఫీగా అయిపోయాయి. మూడోసారి అల చచ్చిపోబోతోందని బార్ లాగాను. బార్ వచ్చింది, లైన్లు వచ్చాయి, గుడ్డ సగం వచ్చి ఆగిపోయింది. వంగి చూస్తే, గుడ్డకి కట్టి ఉండే సన్నటి బ్రైడిల్ దారం ఒకటి వెల్‌క్రో గరుకు పళ్లలో ఇరుక్కుని ఉంది. వేలితో తప్పించే లోపే ఆ సగం గుడ్డకి గాలి పట్టింది. చర్‌మని చప్పుడు. జానెడు చిరుగు. నేను నీళ్లలో ఉన్నాను, లైన్లు నా మోకాలి చుట్టూ ఉన్నాయి, ఫాయిల్, అంటే బోర్డు కింద ఉండి దాన్ని నీళ్లలోంచి పైకెత్తే రెక్క, పైకి తిరిగి ఉంది. విడిపించుకుని, బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకి చేరేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నేను పంపిన వీడియో గురించే ఆలోచించాను.

తప్పు ఎక్కడ జరిగిందంటే, మేము సంచిని పొడిగా పరీక్షించాం. పొడి దారం వెల్‌క్రో మీంచి జారిపోతుంది. తడిసిన దారం, అందులోనూ గుడ్డ బరువుతో కిందికి నొక్కుకుపోయిన దారం, జారదు. పైగా ఆ గరుకు పట్టీ గుడ్డ అంచుని రోజూ కాస్తకాస్త కొరుకుతుంది. తిరిగొచ్చిన గుడ్డల్ని వెలుతురుకి పట్టుకుని చూస్తే, అన్నిట్లోనూ ఒకే చోట నూగు లేచి ఉంది. ఇది మడిచే పద్ధతిలో తేడా కాదని ఆ వరస చూస్తేనే తెలిసిపోతుంది. చూడాల్సింది నేను, చూడలేదు.

కొత్త సంచికి వెల్‌క్రో లేదు, జిప్పు కూడా లేదు. జిప్పు ఉప్పుకి బిగుసుకుపోతుంది. మూతికి సాగే నియోప్రీన్ (ఒక రకం మెత్తటి రబ్బరు) పట్టీ వేశాం, అది దానంతటదే మూసుకుంటుంది. అడుగున నీళ్లు కారిపోవడానికి జాలీ ఉంది. మూతి రెండు గుప్పిళ్లు పట్టేంత వెడల్పు చేశాం. దీంతో చూడ్డానికి కాస్త బండగా ఉంటుంది, నడుము దగ్గర ఉబ్బుగా కనిపిస్తుంది. అందం కావాలంటే పాతదే అందంగా ఉంది, ఏం లాభం. ఈసారి తడిపి, ఉప్పునీళ్లలో నానబెట్టి, చేతులు చల్లబడి వేళ్లు సరిగ్గా కదలనప్పుడు కూడా పరీక్షించాం.

ఈ మధ్యే ఇటు చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. పారావింగ్ అంటే ఒకే పొర గుడ్డ, దానికి సన్నటి దారాలు, ఆ దారాలన్నీ వచ్చి చేరే మూరెడు బార్. గాలి నింపే ట్యూబు ఉండదు, పంపు అక్కర్లేదు. బోర్డు నీళ్లలోంచి లేచి ఫాయిల్ మీద నిలబడేదాకా ఇది లాగుతుంది. తర్వాత అల తోస్తుంది కాబట్టి దీన్ని నలిపి సంచిలో పెట్టేసి, ఖాళీ చేతులతో అలల మీద వెళ్లొచ్చు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అంటారు కదా, ఇక్కడ తెప్పని తగలేయకుండా మడిచి నడుముకి కట్టుకుంటాం. ముందు ఇంకో ఏరు ఉంటుంది.

పేరు మాత్రం పాతదే. ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్ట్రూడ్ కలిసి 1948లో కర్రలు లేని మెత్తటి గాలిపటం తయారుచేశారు. మొదటిదాన్ని వంటింటి కర్టెన్ గుడ్డతో కుట్టారు. కుట్టుమిషన్ ముందు బతికేవాడిగా నాకు ఆ సంగతంటే ముచ్చట. 1960లలో జెమిని వ్యోమనౌకని నేల మీద దించడానికి ఆ దంపతుల రెక్కని నాసా పరీక్షించి, చివరికి పారాచూట్‌తోనే సరిపెట్టుకుంది. పారావింగ్ అన్న మాట ఆ రోజుల్లోనే వాడుకలోకి వచ్చింది. ఫాయిల్ వాళ్ల చేతికి మాత్రం 2024లో వచ్చింది. హవాయిలోని మావీ ద్వీపంలో బీఆర్ఎం అనే చిన్న కంపెనీ, గ్రెగ్ డ్రెక్స్‌లర్ డిజైన్‌తో, 'మలికో' పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. ఆ ద్వీపం ఉత్తర తీరంలో మలికో నుంచి కహులుయి దాకా గాలివాటుగా సాగే దారి పేరే దానికి పెట్టారు. ఆ తర్వాత ఓజోన్, ఫ్లో, డ్యూటోన్, ఎఫ్‌వన్ లాంటివాళ్లూ దిగారు. మేమూ దిగాం, కాస్త తొందరపడి.

ఆ తొందరలోనే రెండో తప్పు చేశాను. సైజు విషయంలో.

"చిన్నది తీసుకోండి, సంచిలో తేలిగ్గా పడుతుంది" అని చాలామందికి చెప్పాను. అది అమ్మేవాడి మాట. గాలి బలం దాని వేగపు వర్గాన్ని, అంటే వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి మారుతుంది. 15 నాట్ల గాలికీ 20 నాట్ల గాలికీ తేడా చూడ్డానికి ఐదే, లాగుడులో మాత్రం దాదాపు 1.8 రెట్లు. నేను గాలి ఎగిసినప్పటి లెక్కతో సైజు చెప్పాను. మీరు బోర్డు మీద మోకాళ్ల మీద కూర్చుని లేవాల్సింది ఆ విసురుకీ విసురుకీ మధ్య ఉండే గాలితో. గాలి నింపిన వింగ్‌ని (ట్యూబులో గాలి నింపి చేత్తో పట్టుకునే రెక్కని) గట్టిగా ఊపి ఆ లోటు పూడ్చుకోవచ్చు. పారావింగ్‌ని అంత బాగా ఊపలేం, అక్కడ ఉన్నవి దారాలే. అందుకే మీలో కొందరు లేవలేక నీళ్లలోనే తిరిగొచ్చారు. ఇప్పుడు నా సలహా ఇది: మీ చోట మామూలుగా ఉండే గాలికి లేవగలిగే సైజు తీసుకోండి. పొడవాటి సన్న బోర్డు, తక్కువ వేగానికే ఎత్తే ఫాయిల్ ఉంటే అప్పుడు ఒక సైజు తగ్గించొచ్చు. చిన్నది కొని ఇబ్బందిపడుతున్నవాళ్లు వాడినదైనా సరే తీసుకురండి, మారుస్తాం. కుట్లు తెగి ఉండకూడదు, అంతే.

మూడోది అసలైనది. నేను మీకు గుడ్డ అమ్మాను, దాన్ని సంచిలో పెట్టడం నేర్పలేదు. పారావింగ్‌లో నేర్చుకోవాల్సిందంతా అక్కడే ఉంది.

ఫాయిల్ మీద నిలబడగానే చాలామంది చేసే పని, సంతోషంలో నేరుగా గాలివాటుగా తిరిగిపోవడం. 20 నాట్ల గాలిలో మీరు 15 నాట్లతో దాని వెంటే వెళ్తుంటే గుడ్డకి తగిలే గాలి 5 నాట్లే. లాగుడు పదహారో వంతుకి పడిపోతుంది. గుడ్డ వాలిపోయి నీళ్లలో పడుతుంది. గాలి నింపిన వింగ్ అయితే తేలుతుంది. ఒకే పొర గుడ్డ తడిసి బరువెక్కుతుంది, లోపల నీళ్లు నింపుకుంటుంది, ముందంచు పట్టుకుని నీళ్లు వంపేదాకా లేవదు. కాబట్టి మొదట అడ్డగాలికి, అంటే గాలి పక్కనుంచి తగిలేలా, కొంత దూరం వెళ్లి వేగం కూడగట్టుకోండి.

అల తోస్తోందని కాళ్లకి తెలిసినప్పుడు బోర్డుని గాలివాటుగా తిప్పండి. ఆ వాలిపోయే గుణమే ఇప్పుడు మీకు పనికొస్తుంది. లైన్లు వదులవగానే ఒక చెయ్యి బార్ మీదే ఉంచి, రెండో చేత్తో ముందు లైన్లు మాత్రమే పట్టుకుని మీ వైపు లాగండి. వెనక లైన్ల బిగువు పోయి గుడ్డ జెండాలా రెపరెపలాడుతుంది, ఇక లాగదు. అక్కణ్ణుంచి చేతి మీద చెయ్యి వేస్తూ లైన్ల వెంట గుడ్డ దాకా వెళ్లి, ముందంచుని కుచ్చిళ్లు పట్టినట్టు గుప్పిట్లోకి తీసుకోండి. సంచిలోకి ముందు గుడ్డ, దాని మీద లైన్లు, ఆఖరికి బార్. బయటికి వచ్చేటప్పుడు బార్ మొదట చేతికి తగలాలి. ఈ మొత్తంలో బార్ ఒక్కసారి కూడా లైన్ల మధ్య నుంచి దూరకూడదు. దూరిందా, తర్వాత మీరు విప్పేది పారావింగ్ కాదు, చిక్కుముడి. మొదట్లో సంచి జోలికి వెళ్లకుండా, నలిపిన గుడ్డని చేత్తోనే పట్టుకుని రెండు మూడు అలలు వెళ్లండి, అదేం చిన్నతనం కాదు. నేను ఇప్పటికీ చాలాసార్లు అలాగే వెళ్తాను.

మళ్లీ విప్పడం అల చచ్చాక కాదు, చావబోతోందని తెలియగానే. ఇంకా ఫాయిల్ మీద ఉండగానే కొంచెం అడ్డగాలికి తిరిగి, గాలి పోయే వైపు గుడ్డని వదలాలి. పూర్తిగా ఆగిపోయాక విప్పడం కూడా కుదురుతుంది, కానీ అప్పుడు మొదటి నుంచీ మొదలే.

విరిగే అలల్లో ఆడేవాళ్లకి ఒకే మాట. అల విరిగే చోటికి చేరకముందే గుడ్డ సంచిలో ఉండాలి. నురగలో లైన్లు కాలికి, ఫాయిల్ మాస్ట్‌కి (బోర్డుకీ ఫాయిల్‌కీ మధ్య ఉండే నిలువు కమ్మీకి) చుట్టుకుంటే ఆ తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు. లైన్లు కోసే చిన్న కత్తి మీ ఒంటి మీదే చేతికందేలా ఉండాలి. ఇప్పటిదాకా దాన్ని విడిగా అమ్మాం, ఇకనుంచి ప్రతి సంచిలో కుట్టే ఇస్తున్నాం.

ఇంకో మాట, ఇది నా వ్యాపారానికి నష్టమే. గాలి పడిపోతే పారావింగ్ మిమ్మల్ని తేల్చదు. తేల్చేది బోర్డు ఒక్కటే. గాలి నింపిన వింగ్‌తో ఇంకా ఫాయిల్ మీద నిలకడ రానివాళ్లకి, బోర్డు మీద పడుకుని ఒడ్డు దాకా రాలేనివాళ్లకి మేము ఇక పారావింగ్ అమ్మం. "వింగ్ బదులు ఇది కొనేయండి" అని నేను అన్నమాట నిజమే, వెనక్కి తీసుకుంటున్నాను. ఎదురుగాలికి వెళ్లడంలో, మేము అమ్మిన మొదటి తరం పారావింగ్‌ల కంటే వింగే మేలు. ఉన్న వింగ్‌ని ఎవరూ అమ్ముకోకండి.

గాల్లో వెనక్కి వాలి పడిపోతోందని తెచ్చిన గుడ్డల్లో చాలావాటికి గుడ్డలో లోపం లేదు, లైన్లలో ఉంది. లైన్లకి వాడే డైనీమా అనే గట్టి దారం బరువు పడితే సాగుతుంది, బరువు లేకపోతే తడిసి ఆరుతూ పొట్టిబడుతుంది. ముందు లైన్లు సాగి, వెనకవి పొట్టిబడితే గుడ్డ వెనకంచు ఎప్పుడూ లాగి ఉన్నట్టే, గాలి పట్టదు. ఇరవై గంటలకోసారి బార్‌ని మేకుకి తగిలించి, ముందు లైన్లనీ వెనక లైన్లనీ కొత్తప్పటి పొడవుతో పోల్చి చూసుకోండి. తేడా కనిపిస్తే తీసుకురండి, పది నిమిషాల పని, డబ్బులు తీసుకోం.

సంచులు పంపేవాళ్లు మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి మరీ పంపండి. పోయిన వారం ఒకటి తడిగానే ప్లాస్టిక్ కవర్లో చుట్టి వచ్చింది. దాన్ని విప్పిన కుర్రాడు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.