వార్షిక నివేదిక: జోలా నవలల్లో ఏది ముందు?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పాఠకుల సంఘంలో పెద్ద పంచాయితీ పుస్తకాల వరుస మీదే నడిచింది. ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా 1871 నుంచి 1893 దాకా ఒకే వంశం మీద రాసిన రూగోన్-మకార్ నవలలు 20. అచ్చయిన క్రమంలో చదవాలని కొందరు, జోలా తర్వాత సూచించిన క్రమంలో చదవాలని కొందరు పట్టుబట్టారు. మొదటి పద్ధతిలో అయితే 1877 నాటి ‘లాసొమ్వార్’ ఏడో నవల. జోలాకు పెద్ద పేరు తెచ్చింది అదే. అంతదాకా ఓపిక పట్టేవాళ్లు మనలో ఎందరో అందరికీ తెలుసు!

జోలా సూచించిన జాబితాలో 13 నుంచి 17 దాకా ఉన్నవి చాకలిపని చేసే జెర్వేజ్, ఆమె బిడ్డల కథలు. కార్యవర్గం ఆ ఐదింటినీ ఎంచుకుని, వరుస కొంచెం మార్చింది: ‘లాసొమ్వార్’, ‘జెర్మినాల్’, ‘లూవ్ర్’, ‘లా బేత్ ఉమేన్’, ‘నానా’. మార్పుకు కారణం జాక్. ‘లాసొమ్వార్’లో జెర్వేజ్ వెంట ఉన్న కొడుకులు క్లోద్, ఎతియెన్ ఇద్దరే. 1890 నాటి ‘లా బేత్ ఉమేన్’కు హంతకుడు కావలసి వచ్చేసరికి ఎతియెన్ అప్పటికే ‘జెర్మినాల్’లో గని కార్మికుల నాయకుడైపోయాడు. అందుకని జోలా జాక్ అనే మరో కొడుకును పుట్టించాడు. ముందు ఎతియెన్‌ను చూస్తేనే ఈ అతుకు అర్థమవుతుంది.

‘లాసొమ్వార్’ సమావేశం అన్నిటికన్నా బాగా సాగింది. జెర్వేజ్ పట్టు గౌను తాకట్టు పెట్టి మరీ ఇచ్చిన పెద్దబాతు విందు, ఒకప్పుడు తనను వదిలేసి పోయిన ప్రియుడు లాంతియే ఆ రాత్రే మళ్లీ ఇంట్లోకి రావడం — ఆ ఒక్క అధ్యాయం దగ్గరే సమయమంతా అయిపోయింది. ‘లూవ్ర్’ మాత్రం చాలామందికి రుచించలేదు. నా మటుకు నాకు నచ్చింది.

ఒక హెచ్చరిక. ఉచితంగా దొరికే పాత ఇంగ్లీషు అనువాదాల్లో కత్తిరింపులు ఉన్నాయి. జోలాను ఇంగ్లీషులో అచ్చువేసిన విజెటెల్లీని 1889లో జైల్లో పెట్టిన కాలం అది. కొత్త అనువాదాలే తీసుకోండి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. చందా పెంచడం లేదు.

‘లా బేత్ ఉమేన్’ చివర డ్రైవరు లేని రైలు సైనికులతో యుద్ధానికి దూసుకుపోతుంది, ‘నానా’ చివర జనం బెర్లిన్‌కు పదండని కేకలు వేస్తారు. రెండూ 1870 నాటి ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధం దగ్గరే ఆగాయి కాబట్టి, వచ్చే ఏడాది ఆ యుద్ధం మీది ‘లా దెబాక్ల్’తో మొదలుపెడదామని ప్రతిపాదిస్తున్నాం. ‘లా తేర్’ ముందు కావాలనేవారు సర్వసభ్య సమావేశంలో చెప్పండి. రెండింటిలోనూ జెర్వేజ్ తమ్ముడు జాన్ మకార్ ఉన్నాడు, వాదనకు చోటుంది.

— కార్యదర్శి