బరంపురం స్టూడియో వాళ్లకీ, మా ఇంటివాళ్లకీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం నా మొదటి కొలాగ్రాఫ్ ఎడిషన్, అంటే ఒకే ప్లేటు నుంచి తీసిన ప్రింట్ల వరస, పూర్తయింది. మొత్తం ఎనిమిది ప్రింట్లు. స్టూడియోలో బోర్డుల కింద ఇంకా ఆరుతున్నాయి. అవి ఆరేలోపే ఈ నాలుగు మాటలూ చెప్పాలనిపించింది.

నేను పర్లాకిమిడిలో డ్రాయింగ్ టీచర్ని. పిల్లలతో లినో ముక్కలు చెక్కించడం తప్ప ప్రింట్ మేకింగ్ నాకు తెలియదు. నేర్చుకోవాలంటే ప్రెస్సు కావాలి. అది కొనడం మాలాంటివాళ్ల వల్ల కాదు. బరంపురం స్టూడియోలో సార్‌ని అడిగితే, "ఆదివారం ప్రెస్సు ఖాళీగానే ఉంటుంది, రండమ్మా" అన్నారు. నాలుగు నెలలు నేర్పారు. ఒక్క రూపాయి తీసుకోలేదు.

కొలాగ్రాఫ్ అంటే అట్ట మీద రకరకాల వస్తువులు అంటించి, దాన్నే ప్లేటుగా వాడటం. నేను మా అమ్మమ్మ బరంపురం పట్టుచీర అంచు ముక్క అంటించాను. చీర పూర్తిగా చివికిపోయింది, అంచు మీద గుడి గోపురాల వరస మాత్రం నిలిచింది. లక్క పాలిష్ ఒక్క పూతే వేసి తొందరపడ్డాను. ప్రెస్సులోంచి తీసేసరికి పట్టు దారాలు కాగితంతో పాటే లేచి వచ్చేశాయి. నాకు ఏడుపొచ్చింది. సార్ మిగిలిన ముక్కని చేతిలోకి తీసుకుని, ముందూ వెనకా అంచులకీ మూడు పూతలు వేయించి, రోజంతా ఆరనిచ్చాకే ఇంకు ముట్టుకోనిచ్చారు. గంజి పెట్టిన జాలీ గుడ్డతో ఇంకు తుడవడం కూడా నా చెయ్యి పట్టుకుని చూపించారు. మరీ తుడిస్తే పోగుల మధ్య ఉన్న ఇంకు కూడా పోతుంది, తుడవకపోతే అంతా నల్లటి మరక.

ఇంకో మాట దాచుకోలేను. రెండో ప్లేటు మీద చింతపిక్కలు అలాగే అంటించేశాను. ఎత్తు ఎక్కువైంది. కాగితం చిరిగింది, ప్రెస్సులో కాగితం మీద పరిచే ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) దుప్పటికి గుంట పడింది. అది అంత తేలిగ్గా దొరికే వస్తువు కాదు. స్టూడియోలో ఒక్కరు కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. స్టూడియోలోని అపా ఆ దుప్పటిని తడిపి, ఆరబెట్టి, మడత మార్చి వేశారు. "అపా" అంటే ఒడియాలో అక్క. ఆవిడ నాకు నిజంగానే అక్క అయ్యారు. ఆ తర్వాత అదే చింతపిక్కల్ని ఉడికించి జిగురు చేసి, పల్చటి కాగితం ముక్కల్ని ప్రింటుతో పాటే ప్రెస్సులో అంటించే షీన్ కొలే నేర్పింది కూడా ఆవిడే. ఒడిశా పటచిత్రం బొమ్మలు వేసే గుడ్డకి వాళ్లింట్లో ఆ జిగురే వాడేవారట.

విస్కాసిటీ ప్రింటు చేసిన రోజు మర్చిపోలేను. ఒక ఇంకులో అవిసె నూనె కలిపి పల్చన చేస్తాం, రెండోది చిక్కగా ఉంచుతాం. పల్చటిది గట్టి రోలర్‌తో ప్లేటు మిట్టల మీద ఎక్కుతుంది. తర్వాత మెత్తటి రోలర్‌తో చిక్కటిది వేస్తే, నూనె ఉన్నచోట అంటుకోకుండా పల్లాల్లోకి దిగుతుంది. ఒకే ప్లేటు, ఒకేసారి ప్రెస్సు, అన్ని రంగులూ వచ్చేస్తాయి. ఈ పద్ధతిని పారిస్‌లో హేటర్ అనే ప్రింట్ కళాకారుడు నడిపిన అటెలియే 17 స్టూడియోలో తోటివాళ్లతో కలిసి రూపొందించిన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డిగారు 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టారు. "మీ తెలుగాయనే, మీకు తెలియదా?" అని ఒడియావారైన మా సార్ అడిగితే తల దించుకున్నాను. ఆ రాత్రి రైల్లో నౌపడ దాకా ఫోన్‌లో ఆయన ప్రింట్లే చూస్తూ కూర్చున్నాను.

నాలుగు నెలల ఆదివారాలూ పిల్లాణ్ణి చూసుకున్న అత్తయ్యగారికీ, ఎంత రాత్రైనా స్టేషన్‌కి వచ్చిన మావారికీ, చీర ముక్క కోయడానికి ఒప్పుకున్న అమ్మకీ దండాలు.

అట్ట ప్లేటు ఎక్కువ ప్రింట్లకి ఆగదు. ఎనిమిదో ప్రింటుకే గోపురాల అంచు అణిగిపోవడం మొదలైంది. అందుకే అక్కడితో ఆపేశాం. వచ్చే ఆదివారం పెన్సిలుతో నంబర్లు వేసి సంతకాలు పెడతాను. మొదటిది సార్‌కి, రెండోది అపాకి, మూడోది అమ్మకి. కొత్త ఫెల్ట్‌కి నా వంతు డబ్బు కూడా తెస్తున్నాను సార్, ఈసారి వద్దనకండి.