ఓరియన్ గ్రహణానికి గర్భిణుల జాగ్రత్తలా?

సంపాదకుల వారికి,

మొన్నామధ్య మీ జిల్లా పేజీలో ‘ఓరియన్ నెబ్యులాలో అరుదైన గ్రహణం’ అని వేసి, చివర గర్భిణులు పాటించాల్సిన జాగ్రత్తలు కూడా అచ్చేశారు. ఓరియన్ నెబ్యులా అంటే ఓరియన్ నక్షత్రమండలంలోని వాయు, ధూళి మేఘం. ఆ వెలుగు అక్కడ బయల్దేరి సుమారు 1,350 ఏళ్లయింది. అంటే 1163 నాటి మన వేయిస్తంభాల గుడి కంటే దాదాపు ఐదు వందల ఏళ్ల ముందే ఆ గ్రహణం విడిచిపోయింది. ఇప్పుడు పచ్చడి జాడీల మీద దర్భలు వేసి ఏం లాభం?

అరుదు అన్నదీ తప్పే. నెబ్యులా నడుమ ట్రెపీజియం అనే నాలుగు నక్షత్రాల గుంపుంది, వాటిని ఎ, బి, సి, డి అంటారు. అందులో ‘ఎ’ నిజానికి ఒక జంట. సూర్యుడికి పది రెట్లకు పైగా బరువున్న పెద్ద నక్షత్రానికి 65.43 రోజులకోసారి తోడు నక్షత్రం అడ్డొస్తుంది. 1975లోనే తెలిసిన సంగతి. ‘బి’ గ్రహణమైతే ఆరున్నర రోజులకోసారి. ఇక నెబ్యులాను ప్రధానంగా వెలిగించేది ‘సి’. ఆ ఘనత మీరు ‘ఎ’కి కట్టబెట్టారు. మీరు వేసిన ఫొటో నడుమంతా తెల్లటి ముద్ద. ఎక్స్‌పోజర్ నిమిషాల కొద్దీ ఇస్తే నెబ్యులా అంచులు బాగా వస్తాయి గానీ నాలుగు నక్షత్రాలూ కలిసిపోతాయి. వాటికి సెకనో రెండో చాలు.

ఎలా చూడాలో ఒక్క ముక్క రాయలేదు. నాలుగంగుళాల టెలిస్కోపు, వంద రెట్ల మాగ్నిఫికేషన్ సరిపోతాయి. ముందు అరగంట బయట పెట్టి చల్లారనివ్వాలి, లేకుంటే గొట్టంలో వేడిగాలికి నక్షత్రాలు మరిగే నీళ్లలా కదులుతాయి. మామూలు రోజుల్లో ‘ఎ’, ‘డి’ దాదాపు సమానం, 6.7 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే మసక). ‘ఎ’ మసకబారి 8 దగ్గరుండే ‘బి’ వైపు దిగితే గ్రహణం పట్టినట్టే. మొత్తం సుమారు 20 గంటలు కాబట్టి కొంత భాగం మనకు పగట్లో పోక తప్పదు. కెమెరాతో కొలిచేవాళ్లు అలవాటు కొద్దీ ఫోకస్ తప్పించకండి. ‘ఎ’, ‘బి’ల ఎడం 9 ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను) లోపే, రెండూ కలిసిపోతాయి. నెబ్యులా వెలుగు కూడా తోడై, కాంతిలో తగ్గుదల అసలు కన్నా తక్కువగా లెక్కకొస్తుంది.

ఇంతా చేసి మన త్రినగరిలో (వరంగల్, హనుమకొండ, కాజీపేట) చూసేదెక్కడ? కూడలికో హైమాస్ట్. సోడియం దీపాల కాలంలో 589 నానోమీటర్ల చుట్టూ ఉండే పసుపును టెలిస్కోపుకు తగిలించే ఫిల్టర్ చాలావరకు ఆపేది, నెబ్యులా నుంచి వచ్చే 501 నానోమీటర్ల ఆకుపచ్చ దాటి వచ్చేది. తెల్ల ఎల్‌ఈడీ అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది, ఇక ఫిల్టరేం చేస్తుంది? దీపానికి పైన మూత పెట్టండి, 3,000 కెల్విన్ దాటని (పసుపు ఛాయ) బల్బు వెయ్యండి అంటే ‘భద్రత’ అంటారు అధికారులు. ఆకాశంలోకి పోయే వెలుగు రోడ్డు మీద నడిచేవాడికి ఏ భద్రతో!

జపాల్-రంగాపూర్‌లో ఉన్న వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపుతో ఉస్మానియా వాళ్లు ఇలాంటి గ్రహణ జంటల మీదే పరిశోధన చేసిన రాష్ట్రమిది. ఇప్పుడేమో ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవమని టెలిస్కోపు తెచ్చి హైమాస్ట్ కిందే నిలబెడతారు. ముఖ్య అతిథి ప్రసంగం ముగిసేసరికి ఓరియన్ పడమటికి వాలిపోతుంది, పిల్లలకు సమోసా మిగులుతుంది.

సవరణ వెయ్యండి. వేసేదేదో జిల్లా పేజీలోనే వెయ్యండి, రాశిఫలాల పక్కన కాదు.

– ఒక పాఠకుడు, హనుమకొండ