మా ప్రాథమిక పాఠశాల పక్షాన ఊరివారికి కృతజ్ఞతలు

2020 మార్చిలో కరోనా వల్ల బడికి తాళం పడిన నాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు, 2021 సెప్టెంబర్ 1న మళ్లీ తలుపులు తెరిచేసరికి మూడో తరగతికి వచ్చేశారు. రెండో తరగతి గదిలో వారు ఒక్క రోజైనా కూర్చోలేదు. ఆ మధ్య తెలంగాణలో ఆరో తరగతి, ఆపై వారికి కొద్ది వారాలు బడి నడిచింది గానీ, చిన్నవాళ్లకు ఆ భాగ్యమూ దక్కలేదు. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానళ్లలో వచ్చిన పాఠాలు కూడా మూడో తరగతి నుంచే మొదలయ్యాయి. అయినా మా పిల్లలు అక్షరాలు పూర్తిగా మరవకుండా తిరిగి వచ్చారంటే ఆ ఘనత ఉపాధ్యాయులమైన మాది కాదు.

పంచాయతీ కార్యాలయంలోని టీవీని పాఠాల వేళకు వదిలిపెట్టిన పాలకవర్గానికి, చేతిలో డబ్బు లేని తల్లిదండ్రులకు ఫోన్ రీచార్జ్ అరువుకు వేసిన కిరాణా దుకాణదారుకు, కాలేజీలు మూతపడి ఇంటికొచ్చిన రోజుల్లో రెండో తరగతి పిల్లలను పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి చదివించిన డిగ్రీ విద్యార్థులకు మా నమస్కారాలు.

వారికి చెప్పుకోవలసిన తప్పు ఒకటి నా వద్ద ఉంది. టీవీ పాఠం ఎవరు చూశారో, ఎవరు చూడలేదో రాసే రిజిస్టరులో నాలుగో తరగతి పిల్లవాడొకడి పేరు ఎదుట వరుసగా సున్నాలు పెడుతూ పోయాను. ఆ డిగ్రీ విద్యార్థుల్లో ఒకరు నన్ను చేనుకు తీసుకెళ్లారు. వాడు తల్లితో పత్తి ఏరుతున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు పనికి వెళ్లి, రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరదు. తూకం దగ్గర నలభై మూడు కిలోలనగానే, కిలోకు ఇంత చొప్పున కూలి ఎంతవుతుందో కాగితం ముట్టకుండా చెప్పేశాడు. అంతకు ముందు వారమే గుణకారాల వర్క్‌షీటును ఖాళీగా ఇచ్చినవాడు వీడే. నేను ఇన్నేళ్లూ తరగతికి పాఠం చెప్పానే తప్ప, పిల్లవాడికి చెప్పలేదని ఆ చేను గట్టున తెలిసింది.

బడి తెరిచాక మొదటి పని సిలబస్ పట్టుకోవడం కాదనుకున్నాం. మూడు, నాలుగు, ఐదు తరగతుల వారితో విడివిడిగా చదివించి చూసి, ఎవరు ఎక్కడ ఆగారో దాన్నిబట్టి పొద్దుట గంటన్నర సేపు గుంపులు చేశాం. ఐదో తరగతి పిల్లవాడు ఒత్తుల దగ్గర తడబడితే మూడో తరగతివారితోనే కూర్చుంటాడు. మొదట్లో కొందరు తల్లులకు అది నామోషీగా తోచింది; నెల తిరిగేలోగా పిల్లలే వారికి సర్దిచెప్పారు. పాత రిజిస్టరు పక్కన పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ కేటాయించాం. ఆ పత్తి పిల్లవాడి పేజీలో మొదటి లెక్క వాడి కూలి లెక్కే.

అరుగు ఇచ్చిన ఇల్లాలి రెండు చాపలు ఇప్పటికీ బడిలోనే ఉన్నాయి. తిరిగి ఇద్దామని వెళితే, "ఉండనీయుండ్రి సారూ, పిల్లలకే గదా" అన్నారు. గుంపులు ఇప్పుడు వాటి మీదే కూర్చుంటున్నాయి.