వారసత్వ నాణేలు: ముందు గ్రేడింగా, ముందు బేరమా?

సంపాదకులు గారికి నమస్కారం.

పెద్దవాళ్ళ నుంచి పాత నాణేలు చేతికొస్తే ఏం చేయాలో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. శుభ్రం చేయండి, గ్రేడింగ్‌కి పంపండి, సర్టిఫికెట్ రాగానే అమ్మండి అని మూడు ముక్కల్లో తేల్చేశారు. గ్రేడింగ్ అంటే నిపుణుల సంస్థ నాణెం అసలుదో కాదో చూసి, దాని స్థితికి ఒక అంకె వేసి ఇవ్వడం. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం రాసిన వ్యాసం అది. నేనూ ఇక్కడే ఉంటూ ఇప్పుడు సరిగ్గా ఆ పనిలోనే మునిగి ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నా లెక్కలో ఆ వరుస తలకిందులుగా ఉంది. ఏ నాణేన్ని ఎవరికి అమ్ముతామో ముందు తేలాలి. గ్రేడింగ్ కావాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

మా మేనమామ డెబ్బైలలో ఉద్యోగానికి ఈ దేశం వచ్చి, వెండి డాలర్ల మీద మనసు పడ్డారు. పిల్లలు లేరు. ఆయన పోయాక ఆ డాలర్లన్నీ అక్కకూ నాకూ తమ్ముడికీ ఉమ్మడిగా వచ్చాయి. అన్నీ మోర్గాన్ డాలర్లే. చెక్కిన జార్జ్ మోర్గాన్ పేరు మీద అలా పిలుస్తారు. 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో వీటిని ముద్రించారు. మావయ్య పోగేసిన వాటిలో ఎక్కువ భాగం ఆ 1921వే. ఒకటి మాత్రం 1884లో కార్సన్ సిటీ టంకశాలలో కొట్టింది, నల్ల పెట్టెలో ఉంది. ఇంకొకటి బాగా అరిగిన 1893 నాణెం. దాని బొరుసు వైపు, దండ కింద, ‘ఎస్’ అనే చిన్న అక్షరం ఉంది. అది చూసిన దగ్గర్నుంచీ ఇంట్లో టెన్షన్ మొదలైంది.

ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు. 1893లో అక్కడ ముద్రించినవి లక్ష డాలర్లే. చలామణికి కొట్టిన మోర్గాన్ డాలర్లలో ఇంత తక్కువ సంఖ్య ఇంకే ఏడాదిదీ కాదు. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో కొట్టిన వాటికి ఏ గుర్తూ ఉండదు, ధరా అంత పలకదు. కాబట్టి ఫిలడెల్ఫియా నాణెం తీసుకుని, ఎక్కడి నుంచో కోసిన ఎస్‌ను దానికి అతికించే మోసగాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు. ఎస్ గుర్తున్న వేరే ఏడాది నాణెం మీద ఆఖరి అంకెను చెక్కి మూడుగా మార్చేవాళ్ళూ ఉన్నారు.

నేను ఫార్మసిస్టుని. తూకం చూడకుండా దేన్నీ నమ్మే అలవాటు లేదు. కొత్త మోర్గాన్ డాలరు బరువు 26.73 గ్రాములు, వెడల్పు 38.1 మిల్లీమీటర్లు, తొంభై పాళ్ళు వెండి, పది పాళ్ళు రాగి. మాది 26.4 గ్రాములు తూగింది. అంత అరుగుదలకు ఆ తరుగు సహజమే. దారానికి కట్టి నీళ్ళలో వేలాడదీసి సాంద్రత లెక్కగడితే అదీ ఈ లోహానికి ఉండాల్సిన 10.3 దగ్గరకే వచ్చింది. తమ్ముడు పండగ చేసుకున్నాడు. కానీ ఆ పరీక్ష తేల్చింది లోహం సంగతి ఒక్కటే. ఎస్ అతికించిన నాణెం కూడా అసలు వెండి డాలరే కదా, తూకంలో దొరకదు. మీ వ్యాసంలో ‘ఇంట్లోనే అసలో నకిలీయో తెలుసుకునే చిట్కాలు’ అని పెట్టిన పెట్టెలో అయస్కాంతం, తూకం తప్ప ఇంకేమీ లేవు. ఇనుము, సీసం లాంటి నాసిరకం నకిలీలను పట్టుకోవడానికి అవి పనికొస్తాయి. అసలు నాణేన్నే మార్చి చేసిన మోసానికి పనికిరావు.

దానికి వేరే ఆనవాళ్ళున్నాయి. చలామణికి వచ్చిన 1893 ఎస్ డాలర్లన్నిటికీ బొమ్మ వైపు ఒకే అచ్చు దిమ్మె వాడారు. స్వేచ్ఛాదేవి తలపట్టీ మీద ‘లిబర్టీ’ అని ఉంటుంది, అందులో టీ అక్షరం పైభాగంలో ఏటవాలుగా సన్నని గీత కనిపించాలి. దిమ్మె మీది గీత ప్రతి నాణెం మీదా పడింది. మా నాణెం మీద ఆ చోటే అరిగిపోయింది! భూతద్దంలో చూస్తే అక్కకు గీత కనబడింది, నాకు కనబడలేదు. ఇలాంటి చోటే నిపుణుల సంస్థకు ఫీజు కట్టడంలో అర్థం ఉంది.

నిపుణులు కూడా పొరబడతారు. 1913 నాటి లిబర్టీ నికెల్ (ఐదు సెంట్ల) నాణేలు ప్రపంచంలో ఐదే ఉన్నాయి. వాటిలో ఒకటి జార్జ్ వాల్టన్ అనే ఆయన దగ్గర ఉండేది. 1962లో కారు ప్రమాదంలో ఆయన చనిపోయాక, ఆ నాణెం నకిలీ అని చెప్పి వేలంవాళ్ళు వెనక్కి ఇచ్చేశారు. ఆయన సోదరి దాన్ని పారేయకుండా దశాబ్దాల పాటు ఇంట్లో దాచింది. 2003లో మిగతా నాలుగింటినీ పక్కన పెట్టి పోల్చి చూసిన నిపుణులు అసలుదేనని తేల్చారు. 2013లో ఆమె పిల్లలు వేలం వేస్తే 31,72,500 డాలర్లు పలికింది. నకిలీ అని ఒక్కరు చెప్పినంత మాత్రాన ఏ నాణేన్నీ వదులుకోకూడదని నాకు ఈ కథ వల్లే తెలిసింది. అసలుదని ఒక్కరు చెప్పినా అంతే అనుకోండి.

ఇక మా 1921 డాలర్ల సంగతి. వీటిని గ్రేడింగ్‌కి పంపకూడదని మేం నిర్ణయించుకున్నాం. 1918 నాటి పిట్మన్ చట్టం కింద ఇరవై ఏడు కోట్ల పైచిలుకు డాలర్లు కరిగించాక, మళ్ళీ నింపడానికి 1921లో కుప్పలుగా కొట్టారు. ఫిలడెల్ఫియాలోనే నాలుగు కోట్లు దాటాయి. అరిగిన 1921 డాలరుకు వచ్చేది వెండి ధర, పైన కాస్త. గ్రేడింగ్ ఫీజు, రానూపోనూ ఇన్సూరెన్సు, పోస్టు ఖర్చు కలిపితే ఆ కాస్తా హుష్‌కాకి. అన్నిటినీ పంపమని చెప్పే వ్యాసం వల్ల లాభం గ్రేడింగ్ కంపెనీకే.

కార్సన్ సిటీ నాణేన్ని పెట్టెలోంచి తీయనే లేదు. ఖజానాలో మూలిగిన ఈ నాణేలను ప్రభుత్వ సంస్థ జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ 1972 నుంచి 1980 వరకు గట్టి ప్లాస్టిక్ కవర్లలో, నల్ల పెట్టెల్లో పెట్టి అమ్మింది. కొనేవాళ్ళు ఆ కవరుతో సహా కావాలంటారు. సీలు తీయని మందు సీసా లాంటిదే ఇదీ. గ్రేడ్ కావాలన్నా ఆ కవరు తీయకుండానే వేసి, చుట్టూ పట్టీ కట్టి ఇచ్చే సంస్థ ఉంది. మీ వ్యాసం చదివి ఎవరైనా ఉత్సాహంగా కవరు ఊడదీసి నాణేన్ని మెరిపిస్తే ఎంత నష్టం!

ఆ శుభ్రం చేయడం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నాణేలకు 1 నుంచి 70 వరకు అంకెలు వేసే పద్ధతిని విలియం షెల్డన్ 1949లో, పాత రాగి సెంట్ల కోసం ప్రతిపాదించాడు. 1980లలో మొదలైన పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు దాన్నే అన్ని నాణేలకూ వాడి, నాణేన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తున్నాయి. దాన్నే స్లాబ్ అంటారు. టూత్‌పేస్టుతోనో వంటసోడాతోనో రుద్దిన నాణేనికి మామూలుగా అంకె పడదు. ‘డీటెయిల్స్’ అని రాసి, పక్కన కారణం రాస్తారు. రుద్దుడుకు పడిన వెంట్రుక గీతలు వెలుతురులో తిప్పి చూస్తే బయటపడతాయి, వాటిని మాన్పే మార్గం లేదు. నల్లబడిన వెండి నల్లగానే ఉండాలి. మెత్తటి పీవీసీ కవర్లలో ఉన్నవాటిని మాత్రం వెంటనే బయటకు తీయాలి, ఆ ప్లాస్టిక్ విడిచే పచ్చటి జిగురు లోహాన్ని తింటుంది.

మా 1893 నాణెం అసలుదేనని తేలింది. లేబుల్ మీద మాత్రం వెరీ ఫైన్ (అరుగుదలను బట్టి ఇచ్చే ఒక స్థాయి) డీటెయిల్స్, క్లీన్డ్ అని వచ్చింది. ఎప్పుడో, ఎవరో తోమారు. మావయ్య చేతికి రాకముందే అయి ఉండాలి, ఆయన నాణేన్ని అంచు పట్టుకుని తప్ప ముట్టుకోనిచ్చేవారు కాదు. స్లాబ్ పగలగొట్టి మళ్ళీ పంపుదాం, ఈసారి అంకె పడొచ్చు అంటాడు తమ్ముడు. అలా చేసేవాళ్ళు ఉన్నారు, కొందరికి కలిసొచ్చింది కూడా. నేను ఒప్పుకోలేదు. ఈ నాణెం విషయంలో మేం ఫీజు కట్టింది ఎస్ అసలుదన్న హామీ కోసం. పెట్టె పగిలితే ఆ హామీ కూడా చెత్తబుట్టలోకే.

అమ్మే దారుల్లో మొదట ఒక దుకాణానికి వెళ్ళాం. అక్కడి పెద్దమనిషి బొరుసు వైపు తిప్పి చూడకుండానే అన్నిటికీ కలిపి వెండి బరువు లెక్కన ధర చెప్పాడు. నాణేలు కొనే మనిషితోనే విలువ కట్టించుకుంటే ఇంతే. తర్వాత కొనే ఉద్దేశం లేని మదింపుదారుకు ఫీజు ఇచ్చి, మావయ్య పోయిన తేదీ నాటి విలువ రాతపూర్వకంగా తీసుకున్నాం. పన్నుకూ అదే ఆధారం. ఇక్కడి చట్టంలో వారసులకు కొనుగోలు ధర కింద లెక్కకొచ్చేది సాధారణంగా ఆ రోజు నాటి మార్కెట్ విలువే. దాని పైన వచ్చిన లాభానికే పన్ను, నాణేల్లాంటి వాటికి గరిష్ఠంగా 28 శాతం. ఆ కాగితం లేకుండా అమ్మితే తర్వాత లెక్క చూపడం కష్టం. మీ వ్యాసంలో దీని ఊసే లేదు.

1921వి ఒక వ్యాపారికి, ముగ్గురి దగ్గర ధర అడిగాక, ఇచ్చేశాం. నల్ల పెట్టె అక్క ఉంచుకుంటుంది, దాని విలువ ఆమె వాటాలో కలుస్తుంది. 1893 వేలానికి. కొన్నవాళ్ళు పాట ధర మీద సుమారు 20 శాతం అదనంగా కట్టాల్సి ఉంటుంది, వాళ్ళు దాన్ని మనసులో తీసేసుకునే పాడతారు. మన దగ్గర తీసుకునే కమిషన్, ఫొటోల ఖర్చు, మధ్యలో వెనక్కి తీసుకుంటే జరిమానా, డబ్బు చేతికి రావడానికి పట్టే వారాలు, అన్నీ ఒప్పందంలో ఉంటాయి, అన్నీ అడగొచ్చు. మంచి నాణెమైతే కమిషన్ తగ్గిస్తారు. చాలా వేలం సంస్థలు గ్రేడింగ్‌కి కూడా తామే పంపుతాయి. ముందు బేరం అన్నది అందుకే.

ఒప్పందం మీద ఇంకా సంతకాలు కాలేదు. ఎంతకు తగ్గితే అమ్మకూడదన్న రిజర్వు ధర దగ్గర తమ్ముడికీ నాకూ కుదరడం లేదు. అతనిది ఆశ, నాది అనుమానం. అక్క రెండింటికీ మధ్యలో ఒక అంకె రాసి ఇచ్చింది, బహుశా అదే ఖాయమవుతుంది.

ఇట్లు
మీ పాఠకురాలు, ఒక ఫార్మసిస్టు