వార్షిక నివేదిక: ఏడాదంతా ఒకే ప్రశ్న, అసలేదైనా ఎందుకుంది?

సభ్యులందరికీ నమస్కారం.

మామూలుగా ఈ నివేదికలో సగం హాలు అద్దె గురించి, సగం మీటింగులకు రానివాళ్ల గురించి ఉంటుంది. ఈసారి ఆ రెండూ చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. ఎందుకంటే పోయిన సర్వసభ్య సమావేశంలో అందరూ చేతులెత్తి ఒప్పుకున్నట్టే ఏడాదంతా ఒక్క ప్రశ్న మీదే కూర్చున్నాం: ఏమీ లేకుండా ఉండొచ్చు కదా, మరి ఏదో ఒకటి ఎందుకుంది? మూడు నెలలకే జనం పల్చబడతారని కార్యవర్గంలో కొందరికి టెన్షన్. ఎండాకాలంలో పల్చబడిన మాట నిజమే కానీ, దానికి కారణం ప్రశ్న కాదు, హాల్లో ఫ్యాన్లు.

మొదలుపెట్టింది జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్‌తో. ఈ ప్రశ్నను 1714లో ఆయన సూటిగా కాగితం మీద పెట్టాడు, పక్కనే ఇంకో మాట కూడా అన్నాడు: ఏదో ఉండడం కన్నా ఏమీ లేకపోవడమే సరళం, సులువు కదా అని. దేనికైనా తగిన కారణం ఉండి తీరాలన్నది ఆయన పట్టు. లోకంలోని వస్తువుల వెంట ఎంత వెనక్కి పోయినా ఆ కారణం దొరకదు కాబట్టి, ఉండక తప్పనిది ఒకటి వీటన్నిటికీ బయట ఉండాలి, అదే దేవుడు అన్నాడు. ఇక్కడే మనవాళ్లు రెండు జట్లయ్యారు. 1948లో బీబీసీ రేడియోలో బ్రిటిష్ తత్వవేత్త రస్సెల్‌కీ, కోపుల్‌స్టన్ అనే క్యాథలిక్ (జెసూట్) ఫాదర్‌కీ జరిగిన వాదన చెప్పుకుంటున్నప్పుడు, విశ్వం ఉంది, అంతే అని రస్సెల్ తేల్చేసిన చోట వెనక వరసలో చప్పట్లు, ముందు వరసలో చిటపటలు. నా మట్టుకు నాకు రస్సెల్ మాట జవాబుగా అనిపించలేదు, ఆ ప్రశ్న అడక్కు అన్నట్టుంది.

ఫిజిక్స్ లెక్చరర్ గారు వచ్చిన రోజు హాలు నిండింది. విశ్వం దాదాపు 1380 కోట్ల ఏళ్ల కిందట విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో మొదలైన సంగతి చాలామందికి తెలుసు. పదార్థం, దానికి ఎదురు ఆవేశంతో ఉండే ప్రతిపదార్థం సమానంగా పుట్టి ఉంటే రెండూ ఒకదాన్నొకటి తుడిచేసుకుని దాదాపు కాంతే మిగలాల్సింది, సుమారు వంద కోట్లకు ఒక్క కణం ఎక్కువవడం వల్ల మనమంతా ఉన్నాం అన్నది మాత్రం కొత్తగా విన్నారు. ఆ తేడా రావాలంటే ఏమేం జరగాలో 1967లో రష్యన్ భౌతిక శాస్త్రవేత్త సఖరోవ్ మూడు షరతులుగా చెప్పాడు, అవి ఎలా తీరాయన్నది ఇప్పటికీ తేలలేదు. ప్రశ్నల సమయంలో ఇంజనీరింగ్ చదువుతున్న ఓ అమ్మాయి, శూన్యంలోంచి విశ్వం పుట్టిందంటారు కదా సార్, ఆ శూన్యంలో క్వాంటమ్ నియమాలు ఉన్నాయా లేవా అని అడిగింది. ఉన్నాయన్నారు. అయితే అది ఏమీ లేకపోవడం ఎలా అవుతుంది అంది. లెక్చరర్ గారు నవ్వేసి, కాదు, నిజమే అన్నారు. సైన్సుకు తన పరిధి తెలుసని ఆయన ఒప్పుకున్న తీరు నాకు ఎంతో నచ్చింది.

ఇదే చిక్కు మనవాళ్ల దగ్గరా కనిపించింది. గజేంద్రమోక్షంలో పోతన లోకాలు, లోకేశులు, లోకస్థులు అందరూ పోయాక 'అలోకంబగు పెంజీకటి' (ఏ లోకమూ లేని పెనుచీకటి) అంటాడు, ఆ చీకటికి అవతల ఒకడు వెలుగుతుంటాడు. అంటే అన్నీ తీసేసినా చీకటి ఉంది, దాని అవతల ఆయనా ఉన్నాడు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం ఇంకో అడుగు వేసి, అప్పుడు సత్తూ (ఉన్నదీ) లేదు, అసత్తూ (లేనిదీ) లేదు అంటుంది. ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసు, లేదా ఆయనకూ తెలియదేమో అని ముగుస్తుంది. మన అధ్యక్షులు గారు లేచి, సంఘం లెక్కల విషయంలో నా పరిస్థితీ అంతే అన్నారు. (కోశాధికారి నవ్వలేదు.)

ఏడాది మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన సమావేశం మాత్రం అతి తక్కువమంది వచ్చినదే, తర్కసంగ్రహం మీద జరిగింది. అది మన తెలుగువాడు అన్నంభట్టు న్యాయ, వైశేషిక దర్శనాల మీద సంస్కృతంలో రాసిన చిన్న పుస్తకం. అందులో పదార్థాలు (ఇక్కడ ఆ మాటకు అర్థం, తెలుసుకోదగినవాటిని విడదీసే వర్గాలు) ఏడు, ఏడోది అభావం, అంటే లేకపోవడం. లేకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న పద్ధతి అది, అయితే ఒక షరతు ఉంది: అభావం ఎప్పుడూ ఫలానాదాని అభావమే, ఫలానా చోట అభావమే. నేల మీద కుండ లేదు అంటాం. నేలా లేక, కుండా లేక, ఉత్త 'లేదు' అన్నదానికి ఇక్కడ చోటు లేదు. సంస్కృతం రిటైర్డ్ మాస్టారు ఇది చెప్పి కూర్చోగానే, మరి లైబ్నిజ్ సులువన్న ఆ 'ఏమీ లేకపోవడం' ఏ అభావం అని ఎవరో అడిగారు, ఆపైన రాత్రి వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పేదాకా అదే గొడవ. ఏమీ లేకపోవడమే సహజమనీ, ఉండడానికే సంజాయిషీ కావాలనీ మనం ఎప్పుడు ఒప్పుకున్నాం? ఆ ఒప్పుకోలు లేకపోతే ప్రశ్నకున్న పదును చాలావరకు పోతుంది. మొత్తం పోతుందని నేననను, అంటే ముందు వరసవాళ్లు నన్ను బతకనివ్వరు.

దీనికి లెక్కల్లో జవాబు చెప్పినవాడూ ఉన్నాడు. లోకం ఉండగల తీరులు అనంతం, ఏమీ లేని తీరు ఒక్కటే, కాబట్టి ఏమీ లేకపోయే అవకాశం సున్నా అని 1996లో అమెరికన్ తత్వవేత్త పీటర్ వాన్ ఇన్వాగెన్ వాదించాడు. కుర్రాళ్లకు తెగ నచ్చింది. అన్ని తీరులకూ సమానావకాశం అని ఎవరు పంచిపెట్టారు అని బ్యాంకులో పనిచేసే సభ్యురాలు అడిగాక కాస్త చల్లబడ్డారు.

ఇక మిగతావి. జమాఖర్చులు ఆడిట్ అయ్యి నోటీసు బోర్డు మీద ఉన్నాయి, చూసుకోండి. చందా పెంచడం లేదు. ఫ్యాన్లు రెండు మార్చాం. లైబ్రరీ నుంచి పట్టుకెళ్లిన పుస్తకాలు తిరిగి ఇవ్వనివాళ్ల పేర్లు ఈసారికి రాయడం లేదు, ఎవరో వాళ్లకే తెలుసు. భక్తి ఎక్కువైందని ఒకరు, నాస్తికత్వం ఎక్కువైందని ఇంకొకరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు, రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పెట్టాం.

వచ్చే ఏడాది బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు. ఏ వస్తువూ తనంతట పుట్టదు, వేరేదాన్నుంచి పుట్టదు, రెంటి నుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు అన్న ఆయన వాదం నుంచి మొదలుపెడదామని కార్యవర్గం నిర్ణయం. మొదటి నెలలోనే ఒక ఆదివారం నాగార్జునకొండకు వెళ్లాలనుకుంటున్నాం. బస్సు మాట్లాడాలి కాబట్టి వచ్చేవాళ్లు పేర్లు కార్యదర్శికి ముందే ఇవ్వండి, లాంచీ టికెట్టు, భోజనం ఎవరివి వాళ్లవే.