సూది గుచ్చే ముందు ఎముక చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

పేరున్న క్రీడాకారులు ఆక్యుపంక్చర్‌తో, అంటే ఒంట్లో సన్నటి సూదులు గుచ్చే వైద్యంతో, ఎంత త్వరగా కోలుకుంటున్నారో చెబుతూ మీ క్రీడల పేజీలో వచ్చిన కథనాన్ని మా స్టాఫ్‌రూమ్‌లో అందరం చదివాం. నేను హనుమకొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్ని. 22 ఏళ్లుగా పిల్లల చేత పరుగు ప్రాక్టీసు చేయిస్తున్నాను. ఆ కథనంలో రాని మాట ఒకటుంది. మా స్కూల్ పిల్లకు జరిగింది కాబట్టి నేను రాయాల్సి వస్తోంది.

వరంగల్ జిల్లా కల్లెడ ఊరి అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన తర్వాత మా ఆడపిల్లలు ‘మేడం, మేమూ ఫోర్ హండ్రెడే’ అంటూ వెంటపడ్డారు. హనుమకొండ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. కానీ మా పిల్లలు రోజూ పరిగెత్తేది మొరం నేల మీద, అడుగు అరిగిన బూట్లతో.

వాళ్లలో ఒక పదో తరగతి పిల్లకు నిరుడు రాష్ట్ర పోటీలకు మూడు వారాల ముందు షిన్ పెయిన్, అంటే మోకాలి కింది ఎముక దగ్గర నొప్పి, మొదలైంది. చీలమండకు నాలుగు వేళ్ల పైన, లోపలి వైపు, సరిగ్గా ఒకే చోట. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. పాప బాధ చూడలేక ఒక క్లినిక్‌కు తీసుకెళ్లారు. దాని బోర్డు మీద ఒలింపిక్ ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఫొటో, భుజాల మీద ఎర్రటి గుండ్రటి మచ్చలతో. అసలు 2016 రియోలో కనిపించిన ఆ మచ్చలు సూదులవి కానే కావు, కప్పులు బోర్లించి చర్మాన్ని పైకి లాగే కప్పింగ్‌వి. ఆ సంగతి ఆ తండ్రికి ఎవరు చెబుతారు?

మూడు సిట్టింగులు అయ్యాయి. ‘సూదులు పెట్టిన్రు మేడం, ఇగ నొప్పి లేదు’ అని నవ్వుతూ వచ్చింది. నేను పరిగెత్తనిచ్చాను. ఆ తప్పు నాదే. హీట్స్‌లో, అంటే తొలి రౌండ్ పరుగులో, 250 మీటర్ల దగ్గర కాలు పట్టుకుని కూర్చుండిపోయింది. ఎంఆర్ఐ తీస్తే కాలి ఎముకలో పగులు, డాక్టర్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. నాలుగు నెలలు పరుగు బంద్.

ఆక్యుపంక్చర్ మోసమని నేను అనడం లేదు. కేంద్ర ప్రభుత్వం 2019లో దాన్ని వైద్య పద్ధతిగా గుర్తించింది. సుమారు 20 వేల మంది రోగుల వివరాలు కలిపి చూసి 2018లో ప్రచురించిన పరిశీలనలో దీర్ఘకాలిక నడుము, మెడ, మోకాలి నొప్పులకు ఇది కొంత ఉపశమనం ఇస్తుందని తేలింది. ఉత్తుత్తి సూదులు పెట్టినవాళ్లతో పోలిస్తే మాత్రం తేడా చిన్నదే. ఆటగాళ్లు ఎక్కువగా చేయించుకునేది డ్రై నీడ్లింగ్ అనే మరో సూది పద్ధతి. అందులో కండరంలో బిగుసుకున్న ముడిని వెతికి అక్కడే సన్నటి సూది గుచ్చుతారు. కండరం ఒక్కసారి అదిరి వదులవుతుంది. సూదిలో మందేమీ ఉండదు, డోపింగ్ కాదు. పెద్ద పోటీల మధ్య దీన్ని ఇష్టపడటానికి అదొక కారణం. తల్లిదండ్రులు భయపడి అడుగుతుంటారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. అయితే సూది వల్ల పరుగు వేగం పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు.

హర్డిల్స్ (అడ్డంకులు) దూకుతూ పరిగెత్తే చైనా ఆటగాడు ల్యూ షియాంగ్‌నే తీసుకోండి. 2004 ఏథెన్స్‌లో 12.91 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. 2008లో సొంత దేశంలో, బీజింగ్ స్టేడియం నిండా జనం చూస్తుండగా మడమ పైని స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) నొప్పితో పరుగు మొదలవకుండానే వెనుదిరిగాడు. 2012 లండన్‌లో మొదటి హర్డిల్ దగ్గరే పడిపోయి, ఒంటికాలిపై గెంతుకుంటూ చివరిదాకా వెళ్లాడు. సూది వైద్యం పుట్టిన దేశంలో అంత పెద్ద చాంపియన్‌కు ఏ వైద్యం తక్కువైంది? దెబ్బతిన్న స్నాయువుకు, పగిలిన ఎముకకు కావాల్సింది సమయం. నొప్పి తగ్గినంత మాత్రాన ఆ సమయం తగ్గదు.

పెద్ద ఆటగాళ్లకు సూది గుచ్చే ముందు డాక్టర్ చూస్తారు, స్కాన్ తీస్తారు, ఎన్ని రోజులు ఆగాలో ఫిజియో లెక్క వేస్తారు. సూది అందులో ఒక చిన్న భాగం. మా పిల్లలకు దొరికేది ఆ చిన్న భాగం ఒక్కటే. అంత ఏర్పాటు ఉన్నచోట కూడా ప్రమాదం తప్పలేదు. 2025 డిసెంబర్‌లో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు టీజే వాట్‌కు డ్రై నీడ్లింగ్ తర్వాత ఊపిరితిత్తి కొంత కుంగిపోయి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఛాతీ, భుజం దగ్గర సూది అంటే అంత జాగ్రత్త కావాలి.

తోటి పీఈటీలకు, తల్లిదండ్రులకు ఒక మాట. కాలు మొత్తం సలుపుతుంటే అది కండరం కావచ్చు. వేలితో నొక్కితే ఒకే చోట ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, ఒంటికాలిపై గెంతలేకపోయినా, రాత్రి పడుకున్నాక నొప్పి వచ్చినా పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఈ పగులు తరచూ కనపడదు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్నారని ధైర్యపడొద్దు. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతే అదీ అడగండి. తిండి చాలక ఎముక బలహీనపడుతుందనడానికి అదొక గుర్తు. అడగడానికి మనం సిగ్గుపడితే పిల్లలు ఎలా చెబుతారు?

ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. జిల్లా స్టేడియంలో వారానికి ఒక్క రోజైనా ఫిజియోథెరపిస్టు కూర్చోవాలి. ఆయన చీటీ రాస్తే ప్రభుత్వాసుపత్రిలో బడి క్రీడాకారులకు ఎంఆర్ఐ ఉచితంగా తీయాలి. రాష్ట్ర పోటీల ఎంపిక జనవరిలో అయితే, పిల్లల కాళ్లు చూడటం నవంబర్‌లోనే మొదలవ్వాలి.

మా అమ్మాయి ఇప్పుడు సాయంత్రాలు గడ్డి మీద పది నిమిషాలు మెల్లగా పరిగెత్తుతోంది. పక్కన నేనూ నడుస్తున్నాను.

ఇట్లు,
ఒక పీఈటీ,
హనుమకొండ జిల్లా